జంగయ్య గెలిచిన ఫైనల్

జడ్చర్లలో వెల్డింగ్ షాపు నడిపే జంగయ్య ఓడిపోతే చూడలేం. గెలిస్తే అసలే భరించలేం. ఆ ఊరి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ఆయనే కోచ్. జీతం లేదు, ఎవరూ పిలిచి ఇచ్చిన పదవీ కాదు. పిల్లలు ఆడుతుంటే గోడమీద కూర్చుని తిట్టేవాడు. ఆ తిట్లలో పనికొచ్చే మాటలు కూడా ఉన్నాయని పీఈటీ శ్రీవాణి కనిపెట్టింది.

"గా తిట్టేదేందో లోపటికొచ్చి తిట్టు జంగన్నా" అంది. అట్లా కోచ్ అయ్యాడు.

ఓడిన రోజున ఆయన లెక్కలో రిఫరీ గుడ్డివాడు, మైదానం వంకర, బంతిలో గాలి తక్కువ. ఒకసారి షాద్‌నగర్‌లో ఓడిపోయి, గోల్‌పోస్టు నిటారుగా లేదని రుజువు చెయ్యడానికి షాపు నుంచి రసమట్టం తెప్పించాడు. నిజంగానే లేదు.

"సగం ఆట వాళ్లు గూడ గదే పోస్టుకు ఆడిన్రు గదనే" అన్నాడు రిఫరీ.

"అప్పుడు నేను కొలవలే!"

గెలిచిన రోజు ఇంకా ఘోరం. డప్పులు పెట్టించి, ఓడినవాళ్లు బస్సెక్కేదాకా వాళ్ల ముందే చిందులేసేవాడు. "నీకెట్లాగూ ఇజ్జత్ లేదు, బజార్ల నా ఇజ్జత్ గూడ తీస్తున్నవు" అనేది భార్య అరుణమ్మ.

ఆయనకు కొరకరాని కొయ్య కొత్తకోట కోచ్ బెంజమిన్. బడిపంతులు. నలగని తెల్లచొక్కా. ఏటా ఫైనల్లో కొత్తకోటే గెలిచేది. ఏటా ఆయన చిరునవ్వుతో వచ్చి, చెయ్యి కలిపి, "మీ పిల్లలు మంచిగ ఆడిన్రు" అనేవాడు. ఆ మాటకే జంగయ్యకు ఒళ్లు మండేది.

"జర గా సారును చూసి నేర్చుకో" అని శ్రీవాణి అంటే, "గెలిచినోనికి మర్యాద అగ్గువకే దొరుకుతది మేడం. ఒక్కపారి ఓడనియ్యి, అప్పుడు చూద్దం" అనేవాడు.

నిరుడు చూడనే చూశాడు. ఫైనల్ జడ్చర్లలోనే. ఆట అయిపోవస్తుండగా జంగయ్య జట్టు పిల్ల వర్షిత గెలుపు గోల్ కొట్టింది. ఆ పిల్ల ఆఫ్‌సైడ్‌లో ఉందని మైదానం పక్కన మక్కకంకులు కాల్చే అవ్వకు కూడా కనిపించింది. రిఫరీకి కనిపించలేదు. కాసేపటికి చివరి ఈల మోగింది.

బెంజమిన్ నేరుగా రిఫరీ దగ్గరికి నడిచాడు. చెయ్యి కలుపుతాడనే అందరూ అనుకున్నారు. "కండ్లా, గోలీలా అవి?" అని మొదలుపెట్టాడు. ఆ తర్వాత రిఫరీ వంశం గురించి ఆయన అన్నవి జంగయ్యకు కూడా కొత్త. చుట్టూ ఫోన్లు పైకి లేచాయి. ఆఖరికి పక్కనున్న నీళ్ల డ్రమ్మును బలంగా తన్నాడు. డ్రమ్ము నిండుగా ఉంది. కదల్లేదు. బెంజమినే కూలబడ్డాడు.

డప్పులు ఊపందుకున్నాయి. జంగయ్య చిందుకు కాలు లేపాడు కూడా. ఎర్రమట్టిలో కూర్చుని, షూ విప్పుకోలేక, పెదవి కొరుక్కుంటున్న మనిషి కనిపించాడు. లేపిన కాలు దించేశాడు.

"ఏయ్, ఆపుండ్రి!" అని అరిచి, బండి తెచ్చాడు. "ఎక్కు సారూ, దవాఖానకు పోదం."

"నువ్వు నవ్వుతవ్."

"నవ్వుత. నిన్ను దించినంక నవ్వుత. ఎక్కు."

బొటనవేలు విరిగిందన్నారు దవాఖానలో. కట్టు కడుతుంటే బెంజమిన్ తల ఎత్తలేదు. "పిల్లల ముంగట ఇజ్జత్ పోయింది జంగయ్యా."

"నాది ఎప్పుడో పోయింది. అయినా మా పిల్లలు పొద్దుగాల్నే గ్రౌండుకు వస్తనే ఉన్నరు."

బెంజమిన్ అప్పుడు తల ఎత్తాడు. "అది ఆఫ్‌సైడే గద?"

"ఆఫ్‌సైడే."

"మరి రిఫరీకి చెప్పకపోతివి?"

"నాకేమన్న పిచ్చా?"

బెంజమిన్‌కు నవ్వాగలేదు. నవ్వితే కాలు కదిలి, కెవ్వుమన్నాడు. నర్సు ఇద్దరినీ కసిరింది.

ఈ స్నేహంతో జంగయ్య మారాడనుకుంటే పొరపాటు. ఆ నెలలోనే వనపర్తిలో ఓడిపోయి, రిఫరీ చేతిలోంచి ఈల గుంజుకున్నాడు. ఆట చూడవచ్చిన బెంజమిన్ కుంటుకుంటూ వెళ్లి, నచ్చజెప్పి, ఆ ఈల తీసుకున్నాడు. రిఫరీకి ఇచ్చేముందు తానూ ఒకసారి గట్టిగా ఊదాడు.