కురిడీలు ముందే దించిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఎవరూ ముట్టుకోకూడని చోటు ఒకటి ఉండేది. అది వంటింటి మీది అటక. అంబాజీపేటకు కాస్త దూరంలో, కాలవ గట్టు పక్కన మా ఇల్లు. చుట్టూ కొబ్బరితోట. చెట్ల నుంచి దింపు తీసినప్పుడల్లా కాయలన్నీ షావుకారు బండికి ఎక్కేవి గానీ, బాగా ముదిరినవి కొన్నిటిని మా మామ్మ తన చేత్తో ఏరి అటక మీదికి ఎక్కించేది. పీచు ఒలవకుండా అవి అక్కడ ఇంచుమించు ఏడాది ఉండాలి. కింద పొయ్యి వెచ్చదనానికి లోపలి నీళ్ళు మెల్లగా ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా ఎండుతుంది. దాన్నే కురిడీ అంటారు. మామూలు కాయకూ కురిడీకీ ధరలో చాలా తేడా ఉంటుంది. ఆ తేడా కోసమే అంత ఓపిక.

మామ్మ అంటే మా నాన్నను కన్నతల్లి. పొలం డబ్బులు, తోట డబ్బులు నాన్న చూసుకున్నా, కురిడీల డబ్బు మాత్రం ఆమె సొంతం. నాన్న ఎప్పుడూ దాని మాట ఎత్తేవాడు కాదు. "మంచాన పడ్డా, పైకి పోయినా నా ఖర్చు నాదే. ఎవరి ముందూ చెయ్యి చాపను" అనేది మామ్మ. ఆ మాట దిగులుగా కాదు, ఇవాళ వంకాయ కూర అని చెప్పినట్టు చెప్పేది.

అటక ఎక్కగలిగినంత తేలికైనదాన్ని ఇంట్లో నేనే. అప్పుడప్పుడు నన్ను పైకి ఎక్కించి, కాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూడమనేది. నీళ్ళ చప్పుడు వస్తే ఇంకా కాలేదన్నమాట. లోపలి గుండు చిప్పకు కొట్టుకుని లొడలొడలాడితే అయినట్టు. కురిడీ కాని కాయను దించడమన్నది మా ఇంట్లో లేదు. పండగొచ్చినా, పెళ్ళొచ్చినా, పచ్చట్లోకి కొబ్బరి నిండుకున్నా అటక జోలికి వెళ్ళకూడదు.

ఆ రోజుల్లోనే మా బాబాయి మిలటరీ నుంచి ఇంటికి వచ్చేశాడు. సైన్యంలో లారీ నడిపేవాడు. సరిహద్దు ఎడారిలో ఒకనాడు బండి దిగి నాలుగడుగులు వేశాడో లేదో, ఇసకలో పాతిపెట్టిన మందుపాతర పేలింది. ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. సర్కారు ఒక చెక్కకాలు ఇచ్చి, పెన్షన్ రాసి పంపించింది. ఊళ్ళోవాళ్ళు మొదటి నెలంతా వచ్చి చూసి వెళ్ళారు. ఆ తర్వాత అరుగు మీద కూర్చున్న బాబాయిని చూసి తల ఊపి పోవడం మొదలుపెట్టారు.

మరుసటి ఏడు పెద్ద గాలివాన వచ్చింది. బాబాయి వాటాకు వచ్చిన చెట్లు చాలావరకు మొవ్వలు విరిగి నేలకూలాయి. కొబ్బరిచెట్టు కొత్తగా వేసుకుంటే కాపుకి ఎన్నేళ్ళు పడుతుందో మా వైపు ఎవరికీ చెప్పనక్కర్లేదు. అప్పుడే పిన్నికి ఆడపిల్ల పుట్టింది. పెన్షన్ నెల సగానికి కూడా వచ్చేది కాదు. చెక్కకాలికున్న తోలు పట్టీ వానలకు నాని తెగిపోతే, బాబాయి కొబ్బరితాడు పేని కట్టుకున్నాడు. అది ఒరుసుకుని పుండు పడింది. నాన్న చూసి కేకలేశాడు.

"తాడు మనూరిదేగా అన్నయ్యా. అంత దూరం నించి తెప్పించక్కర్లేదు" అని నవ్వేశాడు బాబాయి.

నాన్న చేతిలో పెట్టబోయిన డబ్బు మాత్రం తీసుకోలేదు.

రోజూ పొద్దున్నే కర్ర పట్టుకుని రోడ్డు మీది టీ కొట్టుకు వెళ్ళేవాడు. అక్కడ ఉత్తరాది లారీలు కాయ లోడు చేసుకోవడానికి ఆగేవి. డ్రైవర్లకు మన భాష రాదు, మనవాళ్ళకు వాళ్ళది రాదు. బాబాయి వాళ్ళతో హిందీలో గంటల తరబడి కబుర్లాడేవాడు. ఒకరోజు నిండుగా లోడు ఎత్తిన లారీ టైరు పంక్చరైంది. అతుకు వేయించాలంటే ఆ టైరును ఇంకో బండిలో వేసి అమలాపురం పంపించాలి. బాబాయి మట్టిలో చతికిలబడి, జాకీ పెట్టించి, టైరు విప్పి, ట్యూబు అతికించాడు. గాలి కొట్టడానికి మాత్రం చేతిపంపుతో నలుగురు మనుషులు పొద్దు గూకేదాకా అవస్థ పడ్డారు. ఆ సాయంత్రం మోచేతుల దాకా గ్రీజుతో ఇంటికి వచ్చి, కాలు పోయినప్పటి నుంచి ఎన్నడూ లేనంత ఆకలిగా అన్నం తిన్నాడు. తింటూనే మాట బయటపెట్టాడు.

"అన్నయ్యా, పెన్షన్లో కొంత ముక్క సర్కారుకే వదిలేస్తే, దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తంగా ఇచ్చేస్తారంట. దాంతో టైర్లకు గాలి కొట్టే మిషను కొని రోడ్డు పక్క షెడ్డు వేద్దామని..."

"మతుండే మాట్లాడుతున్నావా?" నాన్న చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "రేపు ముసలాడివయ్యేక ఆ పెన్షనేరా నీ కాలు. ఉన్న ఆ ఒక్కటీ కూడా అమ్ముకుంటావా?"

అనేశాక నాన్నే తల దించుకున్నాడు. కానీ ఆయన భయం ఉత్తదేమీ కాదు. ఆ రోజుల్లో అలా వదులుకున్న ముక్క బతికినంతకాలం మళ్ళీ వచ్చేది కాదు. ఆపైన, రైతు ఇంటి బిడ్డ రోడ్డు మీద కూర్చుని టైర్లకు అతుకులు వేయడమన్నది మా వాళ్ళకు మింగుడుపడే సంగతి కాదు.

తర్వాత చాలా రోజులు ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ మాటే. వరసకు పెదనాన్న అయ్యే ఆయన ఒకరు, "ఆయ్, నెలనెలా వచ్చేది నెలనెలా రావాలండి. ఒక్కసారే చేతిలో పోస్తే నిలుస్తాదేటండి?" అని మా ఇంట్లో కాఫీ తాగి మరీ చెప్పి వెళ్ళాడు. బాబాయి నోరు తెరవగానే ఎవరో ఒకరు అందుకునేవాళ్ళు. ఆయన మాట సగంలో ఆగిపోయేది.

ఒక మధ్యాహ్నం మామ్మ చేటలో బియ్యం బాగుచేస్తోంది. చుట్టూ అందరం ఉన్నాం. నాన్న మళ్ళీ మొదలుపెట్టబోతే చేట పక్కన పెట్టేసింది.

"వాడికి ఏం పోద్దో మీరందరూ చెప్పేరు. వాడికేం కావాలో ఒక్కళ్ళైనా ఆఖరిదాకా విన్నారేంట్రా? ఎవరూ నోరెత్తకండి. నువ్వు చెప్పు నాయనా."

బాబాయి చెప్పాడు. ఎన్ని లారీలు ఆగుతాయో, టైరు పాడైతే వాళ్ళు ఎంతసేపు కాచుకుంటారో, షెడ్డుకు జాగా ఎవరు ఇస్తానన్నారో, కూర్చుని చేసే పని కాబట్టి కాలుతో ఇబ్బంది ఎందుకు లేదో అంతా చెప్పాడు. అయిపోయిందనుకున్నాం. ఉయ్యాల వైపు చూస్తూ మళ్ళీ అన్నాడు.

"ఇంకో ఏడాదికి అదీ మాటలు నేరుస్తాదమ్మా. మీ నాన్నేం చేస్తాడే అని ఎవరైనా అడిగితే, అరుగు మీద కూర్చుంటాడని చెప్పకూడదు."

మామ్మ చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, "పెట్టు దరఖాస్తు" అంది.

కొన్నాళ్ళకు మిలటరీ డాక్టర్ల ముందు హాజరు కమ్మని కబురు వచ్చింది. బాబాయి ముక్తేశ్వరం రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి, రైలెక్కి వెళ్ళి, మూడోనాటి సాయంత్రం బస్సు దిగాడు. గుమ్మంలోకి వస్తూనే, "అన్నయ్యా, ఇకమీదట నువ్వే నన్ను అన్నయ్యా అని పిలవాలి. నీకన్నా పెద్దోణ్ణయిపోయేను" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. నిదానంగా విప్పి చెప్పాడు. ముందుగా ఇచ్చే మొత్తాన్ని మనిషి వయసును బట్టి లెక్క కడతారట. ఎక్కువకాలం బతుకుతాడనుకుంటే ఎక్కువ, తక్కువకాలం అనుకుంటే తక్కువ. కాలు పోయినవాడు అందరంత కాలం బతకడని డాక్టర్లు బాబాయి వయసుకు మరికొన్ని ఏళ్ళు కలిపి రాశారు. దాంతో మొత్తం తగ్గిపోయింది. గాలి మిషనుకు చాలదు. ఇష్టం లేకపోతే మానుకోవచ్చని కొద్దిపాటి గడువు కూడా ఇచ్చారు.

మామ్మకు ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎవడ్రా వాడు? కన్నది నేనా, వాడా? నా కొడుక్కి ఎన్నేళ్ళో వాడు చెప్తాడా నాకు?"

అమ్మ, పిన్ని నవ్వు ఆపుకోలేకపోయారు. బాబాయి కూడా నవ్వాడు. నవ్వి, తాడు విప్పి, చెక్కకాలు గోడకు ఆనించి, "ఇంక వదిలేద్దాంలే అమ్మా. అన్నయ్య చెప్పిందే నిజం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మర్నాడు పొద్దున్నే మామ్మ నన్ను అటక ఎక్కమంది. ఎప్పటిలాగే ఒక కాయ తీసి ఊపాను. నీళ్ళ చప్పుడు. ఇంకోటి ఊపాను. అదీ అంతే.

"ఇంకా కాలేదు మామ్మా."

"తెలుసే. దించు."

తప్పు విన్నాననుకున్నాను. పైనుంచే తొంగి చూసి, "ఇప్పుడు దించితే కురిడీ కాదు కదే" అన్నాను.

"కురిడీ కోసం దాచేనటే ఇవి? ఇంట్లోవాళ్ళ కోసం దాచేను. ఇప్పుడు దించితే ఎంత పోద్దో నీకన్నా నాకు బాగా తెలుసు. వాడు అలా గోడకేసి చూస్తా ఇంకో ఏడాది కూర్చుంటే ఏం పోద్దో కూడా తెలుసు. దించు."

ఒక్కొక్కటే అందించాను. కింద అమ్మ అందుకుంటోంది. సగం అయ్యాక మామ్మ చెయ్యెత్తి ఆపింది. "చాలు. అవతలి వైపువి ఉండనీ. అక్కర ఉందని అటకంతా ఊడ్చుకుంటామా?"

బాబాయి కర్ర కూడా లేకుండా గోడ పట్టుకుని వచ్చాడు. "అమ్మా, అవి నీ..."

"నా చావు ఖర్చులు. అయితే? నేనిప్పుడే పోయేలా కనిపిస్తున్నానేంట్రా నీకు? ఆ డాక్టరు నీకు వేసిన ఏళ్ళు నేను తీసేస్తున్నాను. అడ్డం రాకు."

షావుకారు మనిషి వచ్చి ఒక కాయ కొట్టి చూశాడు. నీళ్ళు చిందాయి. కొబ్బరి ఇంకా చిప్పను అంటిపెట్టుకునే ఉంది. ఆయన మొహం అదోలా పెట్టాడు. "మామ్మగారండీ, ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టండి. మంచి కురిడీ అవుద్దండి. ఇప్పుడైతే చిప్పలు కొట్టి ఎండబెట్టుకోవాలండి. ఆ ధరే ఇవ్వగలనండి."

"ఎండబెట్టుకో. నేను కాదన్నానా?"

"మీకు నష్టమండి."

"ఆయ్, నష్టమేనయ్యా. తెలిసే ఇస్తున్నాను."

పెరట్లో నిలబడి ఇదంతా చూస్తున్న నాన్న తోటలోకి వెళ్ళాడు. సాయంత్రానికి గాలివానకు పడిపోయిన కొబ్బరి మొద్దుల్లో గట్టివి ఏరి, గుంజలకు సరిపడా కోయించి, బండికి ఎత్తించాడు. షెడ్డు ఆ గుంజల మీదే లేచింది. సర్కారు ఇచ్చినదీ, మామ్మ ఇచ్చినదీ కలిపి మిషను వచ్చింది. బాబాయి మొదటి నెల సంపాదనతో చేసిన మొదటి పని చెక్కకాలికి తోలు పట్టీ తెప్పించుకోవడం. రెండోది, నాలుగు ముదురు కాయలు తనే కొని తెచ్చి మామ్మ ముందు పెట్టడం. మామ్మ వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, ఒకటి బాలేదని తిప్పి పంపించింది.

బాబాయి చాలా ఏళ్ళు ఆ షెడ్డులోనే పనిచేశాడు. తర్వాతెప్పుడో నిబంధనలు మారి, వదులుకున్న పెన్షన్ ముక్కను కూడా ఆయనకు తిరిగి కలిపారు. అది ముందే తెలిసి ఎవరూ ఆ పని చేయలేదు కాబట్టి, మేం చేసింది సరైనదేనని చెప్పడానికి దాన్ని సాక్ష్యంగా తీసుకోను. ఎవరైనా వయసు అడిగితే, "అమ్మ లెక్కా, సర్కారు లెక్కాండీ?" అనేవాడు. సర్కారు లెక్కను దాటి చాలాకాలం బతికాడు.

దాచుకున్నదాన్ని ముట్టుకోకపోవడమే పొదుపు అని అటక కింద పెరిగిన నేను అనుకునేదాన్ని. ముట్టుకోవాల్సిన రోజును గుర్తుపట్టడం, ఎంత పోతుందో తెలిసి తీయడం, కావలసినంతే తీసి ఆగడం, ఇవి కూడా పొదుపులోవేనని ఆ ఉదయం తెలిసింది. అయితే అంతకన్నా గట్టిగా నాతో ఉండిపోయింది ఆమె చేట పక్కన పెట్టి కొడుకు మాట ఆఖరిదాకా విన్న మధ్యాహ్నం.

ఈమధ్య మా వీధిలో ఒక కుర్రాడు సైన్యంలో వెన్నుకు దెబ్బ తగిలి ఇంటికి వచ్చాడు. ముసలితనానికని కూడబెట్టిన నిధిలోంచి కొంత ముందే తీసుకుంటానంటున్నాడట. కాస్త బుద్ధి చెప్పమని వాళ్ళ నాన్న అతన్ని నా దగ్గరికి వెంటబెట్టుకొచ్చాడు. ఎంత నష్టమో ఆయనే గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోతున్నాడు. ఆయన్ని కాసేపు ఆగమని, కుర్రాడిని మాట్లాడనిచ్చాను. చాలాసేపు మాట్లాడాడు. తీసుకోమని నేను చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. లేచి వెళ్ళేటప్పుడు ఆ తండ్రి గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ ఆగి, "వీడు ఇంత ఆలోచించేడని నాకు తెలీదండీ" అన్నాడు.