పితికిపప్పు ఇంటర్వ్యూ

మా సొన్నప్ప సార్ ముందు కూర్చుని డేటా సైంటిస్టులు ఇప్పటిదాకా పితికిన అనపగింజల తొక్కలతో దేవనహళ్ళి కోటను కప్పెయ్యొచ్చు. నా లెక్క తప్పదు; ఇంజనీరింగ్ రెండో ఏడాదికే చదువు చాలనిపించి బయటికొచ్చిన మేధావిని.

మాది బెంగళూరు పక్కన దేవనహళ్ళిలో మందుల కంపెనీ. రోగుల రిపోర్టులు జల్లించి, ఏ మందు ఎవరికి పడటం లేదో కంప్యూటర్‌తో కనిపెట్టే జట్టుకు ఆయన పెద్ద. ఉద్యోగానికి ఎవరొచ్చినా నానబెట్టిన గింజల గిన్నె ముందు పెడతాడు. ఒక్కో గింజనూ పితికి తొక్క తీసి పప్పు చేస్తూ మాట్లాడాలి. సీజన్ కాకపోతే వెల్లుల్లి.

ఒకసారి కోటు వేసుకుని ఒక ఫారిన్ పీహెచ్‌డీ వచ్చాడు.

"కోడింగ్ టెస్ట్ ఎప్పుడు సార్?"

"జరగతా ఉండాది కదప్పా. పితుకు."

మొదటి గింజే ఎగిరి ఎండీ రాజగోపాల్ కాఫీలో పడింది. రెండో గిన్నెకల్లా, ఎనిమిది నెలలుగా ఖాళీగా ఉన్నానని ఆ పీహెచ్‌డీయే చెప్పేసుకున్నాడు. మర్నాడే చేరాడు.

మొన్న జనవరిలో మా జట్టులోని నవ్య రాజీనామా ఇచ్చింది. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో సరుకుల యాప్ వాళ్ళు రెట్టింపు జీతమన్నారట. ఆమె కట్టిన మోడల్ ఇంకెవరికీ లొంగదు. ఆమె పోతే జట్టునే మూసేస్తానని రాజగోపాల్ తేల్చేశాడు. పదకొండు మందిమి సార్ గది తలుపు సందుకు కళ్ళూ చెవులూ ఆనించాం.

సార్ జీతం మాటే ఎత్తలేదు. గిన్నె జరిపాడు.

"రిజైన్ చేసేవాళ్ళకు కూడానా సార్?"

"వాళ్ళకు ఇంకా పెద్ద గిన్నె."

ఇద్దరూ తలలు వంచుకుని పితికారు. సగమయ్యాక నవ్యే నోరు విప్పింది.

"జీతం కోసం కాదు సార్. అమ్మకు వారానికి మూడు డయాలసిస్‌లు. సర్జాపురలో ఇంటి నుంచి ఇక్కడికి రానూపోనూ ఐదు గంటలు. ఆ యాప్ ఆఫీసైతే ఇంటికి దగ్గర. ఇంటి నుంచి చేస్తానంటే హెచ్‌ఆర్ కుదరదన్నారు."

"నెలకొక దినం రా చాలు. మిగతా దినాలు అమ్మ పక్కన కూచోని చెయ్యి. రాజగోపాల్‌తో నేను మాట్లాడ్తా."

"ఆయన కాదంటే?"

"ఆయనకూ ఒక గిన్నె పెడ్తా."

రాజగోపాల్‌కు రెండు పట్టాయి. నవ్య ఉండిపోయింది, జట్టూ ఉండిపోయింది.

అప్పుడు నాకు గుట్టు తెలిసింది. పై అధికారి కళ్ళలోకి చూస్తూ చెప్పలేని మాట, తల దించుకుని చేతులు పనిలో పడితే దానంతటదే బయటికొస్తుంది! గదిలోకి దూసుకెళ్ళి, "సార్, మీరు మనుషుల మనసులు చదివే మహానుభావులు!" అన్నాను.

ఆయన తొక్కలు బుట్టలోకి ఊడుస్తూ తలైనా ఎత్తలేదు.

"అట్లేం లేదప్పా. ఇంట్లో తొమ్మిది మంది ఉండాము. ఎంత పితికినా పప్పు చాలదు."