పైకి పడే లిఫ్టు

లిఫ్టు మెకానిక్కును ఆ చుట్టుపక్కల అందరూ బ్రేకు బాబాయ్ అంటారు. తలుపు చెడిందని పిలిచినా, లోపల దీపం పోయిందని పిలిచినా, ముందు పైకెళ్ళి బ్రేకు చూసుకున్నాకే అతనికి మిగతా పని. ఎనిమిదో తరగతితో చదువు చాలించాడు. పనంతా చేతులతోనే నేర్చుకున్నాడు. ఆగి ఉన్న ఇనుపతాడు చుట్టూ గుడ్డ పట్టి లాగుతాడు. గుడ్డ ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పోగు తెగినట్టే.

అలాంటివాడు సొంత అక్క దగ్గర ఓడిపోయాడు.

అక్క బట్టలు కుడుతుంది. బావతో కలిసి ఒక మేడలో ఏడో అంతస్తులో ఉంటుంది. అదే చిట్టచివరిది. నాలుగు నెలల కిందట కరెంటు పోయి, లిఫ్టులో నలభై నిమిషాలు ఒంటరిగా ఇరుక్కుపోయింది. ఆ రోజు తమ్ముడు ఊరికి అవతలి కొసన ఇంకో లిఫ్టు విప్పుకుని కూర్చున్నాడు. అతను పరుగున వచ్చి తలుపు తీసేసరికి ఆమె నేల మీద కూర్చుని, రెండు చేతులూ గోడకి ఆనించి ఉంది. అప్పటినుంచీ లిఫ్టు ఎక్కలేదు. మెట్లు దిగడానికి మోకాళ్ళు ఒప్పుకోవు. ఈలోగా కంట్లో పొర ముదిరింది. గురువారం పొద్దున ఆపరేషను. ఈసారి తప్పితే మళ్ళీ ఎప్పుడో చెప్పలేనన్నాడు డాక్టరు.

సోమవారం మధ్యాహ్నం మెకానిక్కు అక్క ఇంట్లో కూర్చున్నాడు.

"ఏమయ్యా బామ్మర్దీ, ఊళ్ళో జనాన్నంతా ఎక్కిస్తావు, దించుతావు. మీ అక్కనొక్కదాన్ని దించలేవూ?" అన్నాడు బావ, ఆమె సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఇప్పుడా పని ఆయనదే.

కింద రాలిన సూదులు ఏరుకోవడానికి కుట్టుమిషను పక్కనే ఒక అయస్కాంతం ఉంటుంది. మెకానిక్కు దాన్ని తీసి, నేల మీదున్న సూదికి దగ్గరగా పైన పట్టాడు. సూది ఎగిరి అంటుకుంది.

"చూశావా అక్కా. ఈ సూదిని కిందికి లాగేది భూమంతా కలిసి. పైకి లాగింది బొటనవేలంత ముక్క. ఎవరు గెలిచారు?"

అట్ట ఊడిపోయిన సైన్సు పుస్తకం ఒకటి అతని పనిముట్ల సంచిలో ఎప్పుడూ ఉంటుంది. అందులోది ఆమెకు తన మాటల్లో చెప్పాడు.

"లోకంలో బలాలు నాలుగేనట. పరమాణువు మధ్యలో చిన్న గింజలాంటిది ఉంటుంది. దాన్ని విడిపోకుండా పట్టుకునేది అన్నిటికన్నా గట్టిది, కానీ ఆ గింజ దాటి చెయ్యి చాచలేదు. ఇంకోటి లోపల్లోపలే ఒక పరమాణువుని వేరే పరమాణువుగా మార్చేది. దాని చెయ్యి మరీ పొట్టి. మూడోది కరెంటూ అయస్కాంతమూ. ఇనుపతాడు తెగకుండా ఉందంటే దాని పుణ్యమే. నాలుగోది భూమి లాగుడు. నాలుగింట్లో అన్నిటికన్నా నీరసం అదే."

"నీరసమా?" అక్క మోకాలు తట్టి చూపించింది. "దీన్నడుగు, చెబుతుంది."

"దాని గుట్టే అది. కరెంటులో ప్లస్సూ మైనస్సూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. దీనికి మైనస్సు లేదు. లాగడమే తప్ప తొయ్యడం తెలీదు. రవ్వ రవ్వా పోగుపడి ఇంత భూమయ్యేసరికి నీ మోకాలి దాకా వచ్చింది."

"మీ అక్క సణుగుడు లాగన్నమాట," అన్నాడు బావ. "ఏ మాటకా మాట చూస్తే ఏమీ ఉండదు. ముప్పై ఏళ్ళవి పోగుపడితేనే..."

"ఈయన నోరు కుట్టెయ్యడానికైనా నాకు కళ్ళు కావాలిరా," అని అక్క నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "కబుర్లు బాగానే ఉన్నాయి. ఆ రోజు ధన్‌మని చప్పుడైంది. తాడు తెగిందనుకున్నాను. అది నీ పుస్తకంలో లేదుగా."

మెకానిక్కు అయస్కాంతాన్ని మిషను పక్కన పెట్టేశాడు. నాలుగు నెలలుగా ధైర్యం చెప్పాడే తప్ప, దేనికి భయపడ్డావని ఒక్కసారీ అడగలేదు. చెడిన లిఫ్టు దగ్గర ఇలా చేస్తే తనని తాను తిట్టుకునేవాడు.

"పద్నాలుగు మెట్లు ఎక్కగలవా?" అన్నాడు. "ఆ చప్పుడేంటో చూపిస్తాను."

ఆమె రెండుసార్లు ఆగి మేడ మీది మోటారు గదికి చేరింది. గ్రీజు వాసన. పెద్ద చక్రం మీద నాలుగు తాళ్ళు. గోడ మీద సుద్దముక్కతో రాసిన పొడుగాటి వరస.

"ఇదేంట్రా, గోడంతా గుడ్లు పెట్టావు?"

"ఒకటి పక్కన ముప్పై ఆరు సున్నాలక్కా. ఆ గింజలోని ప్లస్సు రేణువులు రెండింటిని తీసుకుంటే, వాటి మధ్య కరెంటు బలం ఆ నాలుగోదాని లాగుడికన్నా అన్ని రెట్లు పెద్దదట. చదివితే నమ్మబుద్ధి కాలేదు, రాసి చూసుకున్నాను."

ఇక పుస్తకం సంగతి ఎత్తలేదు. లిఫ్టులో ఎవరూ లేరని చూసి, తలుపు వేసి బావ ఏడో అంతస్తు నుంచి కేకేశాడు. మెకానిక్కు ఖాళీ లిఫ్టును కదిలించి, అది దారిలో ఉండగానే మెయిన్ స్విచ్ దించేశాడు.

ధన్!

"అదే! ఆ చప్పుడే!" అక్క తలుపు పట్టుకుంది.

"అది బ్రేకు. కరెంటున్నంతసేపూ అయస్కాంతం చక్రాన్ని కరిచే ఈ రెండు దవడల్నీ విడదీసి ఉంచుతుంది. కరెంటు పోగానే స్ప్రింగులు మూసేస్తాయి. నువ్వు పడిపోతున్నాననుకున్నావు. అప్పుడే అది నిన్ను పట్టుకుంది."

ఆమె వంగి దవడల్ని దగ్గరగా చూసింది. "వదిలేస్తే?"

"నువ్వే వదిలి చూడు."

బ్రేకు విడదీసే మీట మీద ఆమె చెయ్యి, దాని మీద అతని చెయ్యి. దవడలు వదులయ్యాయి. చక్రం మెల్లగా తిరిగింది. అక్క తాళ్ళ వంక చూసింది. లిఫ్టు వైపువి పైకి పాకుతున్నాయి.

"ఇదేంట్రా, లిఫ్టు పైకొస్తోంది!"

"ఈ తాళ్ళ రెండో కొసన బరువు దిమ్మెలున్నాయి. నలుగురెక్కితేగానీ లిఫ్టు వాటికి సరితూగదు. భూమి ఆ దిమ్మెల్ని కిందికి లాగితే ఇది పైకొస్తుంది."

"అయితే ఆ రోజు అది వదిలేసినా నేను పైకి పడేదాన్నా?"

"పైకీ పడనివ్వదు, కిందికీ పడనివ్వదు. బ్రేకున్నదే అందుకు."

ఆమె మీట వదిలింది. ధన్. మళ్ళీ నొక్కింది, మళ్ళీ వదిలింది. కొత్త కత్తెర కొనేముందు నాలుగుసార్లు ఆడించి చూసినట్టు చూసింది.

"గురువారం నువ్వు నాతో ఎక్కకు," అంది చివరికి.

అతని మొహం వాడిపోయింది. "మరి?"

"నువ్వూ లోపలే ఉంటే ఇక్కడెవరుంటారు?"

గురువారం పొద్దున్నే అతను మోటారు గదిలో మీట పక్కన నిలబడ్డాడు. మెట్ల మీంచి అక్క గొంతు వినిపించింది. "ఒరేయ్, మీ బావ కూడా ఎక్కుతున్నాడు! అయినా దిమ్మెలే బరువా?"

"ఇద్దరైనా దిమ్మెలే!"

దవడలు విడిపోయాయి. అంతస్తుకొకటి చొప్పున తాడు మీద తను వేసిన రంగు గుర్తులు ఒక్కొక్కటే కదిలిపోయాయి. ఆరు. అయిదు. వందలసార్లు చూసినవే. ఇవాళ ఒక్కో గుర్తుకీ ఇంత ఆలస్యమేమిటనిపించింది. ఒకటి దాటింది. చక్రం ఆగింది. ధన్.

జేబులో ఫోను మోగింది.

"దిగాన్రా," అంది అక్క. వెనక బళ్ళ చప్పుడు వినిపించింది. "నీ నీరసపు భూమి గట్టిగానే ఉంది. త్వరగా రా. మీ బావ అప్పుడే కారు డ్రైవరుకి సున్నాల కథ మొదలుపెట్టాడు. ఉండు, లిఫ్టు పైకి పంపిస్తున్నా."

అతను ఫోను జేబులో పెట్టుకునేలోపే బ్రేకు దవడలు మళ్ళీ విడిపోయాయి.