రాహేలమ్మ నడక

గురజాల చుట్టుపక్కల చేలకు మిరపకోత కూలీలను వెంటేసుకుని తిరిగే రాహేలమ్మకు పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. ఇప్పుడు నరసరావుపేటలోని ఓ ఆసుపత్రిలో రోజూ నడక మిషన్ ఎక్కుతుంది. నడుముకు పట్టీలు బిగించి, కాళ్లకు ఇనుప చట్రాలు తొడిగి, తలకు మెదడులోని సంకేతాలను పట్టే తీగల టోపీ పెడతారు. జుట్టులో పూసే జెల్ చల్లగా తగలగానే ఆమె మొహం చిట్లిస్తుంది. చేలో కూలీలను అదిలించిన గొంతుతోనే కాలిని తిడుతుంది: "ఏమే సోమరిదానా, లేవవే!" మిషన్ కదిలాక మాత్రం కళ్లు దించుకుని, తనకేమీ పట్టనట్టు వేలాడుతుంది.

ఆ రోజు కోడలు శాంతి, "అత్తమ్మా, చక్కగా నడుస్తన్నావే!" అంది. రాహేలమ్మ కస్సుమంది. "నేనేడ నడుస్తన్నా? అది ఈడుస్తంది. నా కాలు ఎప్పుడో చచ్చింది."

ఫిజియోథెరపిస్టు యశస్విని కంప్యూటర్ తెరను ఆమెవైపు తిప్పింది. "ఇది నీ మెదడు, పెద్దమ్మా. నువ్వు ఊరకే ఉన్నావు కాబట్టి ఈ చోటు నీలంగా ఉంది. ఇప్పుడు కుడికాలు నువ్వే ఎత్తాలని చూడు."

రాహేలమ్మ పళ్లు బిగించింది. నుదుట చెమట పట్టింది. తెర మీద ఆ చోటు మెల్లగా ఎర్రబడింది.

"అది మిషన్ పనేగా?" అంది అనుమానంగా.

"కాదు. మిషన్ ఇందాకట్నుంచీ లాగుతానే ఉంది, అప్పుడు ఈ ఎరుపు రాలేదుగా? కాలిని లేపమని నీ మెదడే చెప్తంది."

రాహేలమ్మ తెర మీంచి చూపు తన కుడికాలి మీదికి దించింది.

"అమ్మాయ్, దాన్ని కాస్త నెమ్మదిగా లాగమను. ముందు నన్ను అడుగు వెయ్యనీ."