నలుపు కాదు, చామనఛాయ

మొన్న గరాజ్ సర్దుతుంటే మిస్ ఎవలిన్ సీడీ దొరికింది. అట్ట మీద డెబ్బై దాటిన నల్లజాతి ఆపెరా గాయని. రెండువేల మూడులో, మేం ట్రాయ్ అనే ఊళ్లో ఉన్నప్పుడు, ఆమెది మా పక్కిల్లు. సీడీ రాగానే మాకొకటి తెచ్చి ఇచ్చింది.

“ఇంత గొంతు పెట్టుకుని ఇన్నేళ్లు రికార్డింగ్ ఎందుకు చేయలేదు?” అని అమ్మ అడిగింది.

“గొంతు విని పిలిచేవారు. నా నల్ల మొహం చూసి పంపేసేవారు,” అందామె.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మమ్మ ఫోన్ చేస్తే “మా నల్లపిల్ల ఎలా ఉందే?” అని నా గురించే అడిగేది. ఆ శనివారమే తెలుగువాళ్ల ఉగాది ఫంక్షన్‌లో నా పాట. నన్నూ పంపేస్తారని ఖాయం చేసుకున్నాను. ఇక ముద్ద దిగితే ఒట్టు.

శనివారం తెర వెనక అమ్మ కొంగు పట్టుకుని అడిగాను. “అమ్మా, నా ఫేస్ చూసి గో బ్యాక్ అంటారా?”

“పిచ్చిదానా, నువ్వు నలుపేంటే? చామనఛాయ. ఉండు, పౌడర్ వేస్తాను.” చెవుల దాకా తెల్లగా పట్టించింది.

దీని మీద అమ్మతో నాకిప్పటికీ గొడవే. నలుపైతే ఎవరికేం నష్టం అనాలి గానీ, నలుపే కాదని ఓదార్చడమేమిటి? ధైర్యం చెప్పానంటుంది. నిజమే, అప్పటికి ధైర్యం వచ్చింది. స్టేజి ఎక్కాను.

మొదటి వరసలో మిస్ ఎవలిన్ కూర్చుని ఉంది. అమ్మే పిలిచిందట. చేయి ఊపబోయి, నా తెల్లటి మొహం చూసి ఆగింది. ఎవరూ నన్ను పొమ్మనలేదు. అయినా మొదటి మాట దగ్గరే నా గొంతు పెగల్లేదు. అది కూడా భయమే అనుకున్నాను. ఆ పౌడర్ మొహంతో ఆమె ఎదుట నిలబడ్డ సిగ్గని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.