మళ్ళీ ముక్కు దగ్గర్నుంచి

మా మేస్త్రీగారు పోయారన్న కబురు వచ్చేసరికి నా చెయ్యి విమానం ఎడమ రెక్క కింది బోల్టు మీద ఉంది. ఫోన్ చేసింది వాళ్ళమ్మాయి. "భయ్యా, నాన్న పొద్దున్న లేవనేదు" అని మాత్రం అంది. ఆ తర్వాత ఏ బోల్టు చూశానో, ఏది వదిలేశానో నాకు తెలియలేదు.

మాది ఇద్దరు మాత్రమే పట్టే తేలికపాటి విమానం. మా దీవి తీరాన్ని పైనుంచి ఫొటోలు తీయడానికి వాడతాం. నడిపేది నేనైనా పదేళ్ళుగా దాన్ని బతికించింది మేస్త్రీగారే. అంతకుముందు చాతం రేవు దగ్గర పడవ ఇంజన్లు బాగుచేసేవారు. ఉప్పుగాలి ఇనుమును ఎక్కడ తింటుందో ఆయన వేళ్ళకు తెలుసు. ఎగిరే ముందు ముక్కు దగ్గర ప్రొపెల్లర్‌తో మొదలుపెట్టి, ఒక్కో బోల్టూ తడిమి చూస్తూ, చుట్టూ తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చేవారు. మధ్యలో ఎవరైనా పలకరించినా, ఆఖరికి తుమ్మొచ్చినా, చూసిందంతా రద్దే. "ఫిర్ సే, ముక్కు కాడి నుంచి" అనేవారు. ఎండలో అలా మూడేసి సార్లు తిరిగిన రోజులున్నాయి. నాకు విసుగొచ్చేది, దాచుకునేవాణ్ణి కూడా కాదు.

ఒకరోజు నేనే చూస్తానన్నాను. సగంలో ఫోనొచ్చింది. మాట్లాడేసి, ఆగిన చోటు నుంచే కానిచ్చేశాను. ఎక్కి కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేశాక, ఆయన ఎదురుగా వచ్చి ఆపమని చెయ్యి ఊపారు. రెక్కను మోసే కడ్డీ బోల్టుకు ఉండాల్సిన పిన్ను లేదు. అది లేకపోతే నట్టు ఊడుతుంది, దాని వెనకాలే రెక్కా పోతుంది. ఆయన తిట్టలేదు. కొత్త పిన్ను నా చేతిలో పెట్టారు.

"ఆగిన జాగా గుర్తుందనుకున్నావు గదా? అదే గల్తీ, బేటా."

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదాయన. ఇవాళ నేనిది రాయగలుగుతున్నానంటే ఆ చెయ్యి ఊపడం వల్లే.

ఇంకో అలవాటుండేది. ఊళ్ళో డెలానీపూర్ పేటలో ఉన్న వాళ్ళింటికి కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. ఆ నీళ్ళలోంచే ఒక డబ్బా మోసుకొచ్చి, ఉప్పు పోయేలా విమానాన్ని కడిగేవారు.

"ఇంట్లో తాగడానికి నేవు, దానికి స్నానమేటి!" అని వాళ్ళావిడ కేకలేసేది.

"నీకు దాహమేస్తే నన్నడుగుతావు. అది అడగనేదు గదా" అనేవారాయన.

కబురొచ్చిన రోజు మళ్ళీ ముక్కు నుంచి మొదలుపెట్టాను. ఫోన్ మోగింది, చర్చిలో ప్రార్థన ఎన్నింటికని ఎవరో. మళ్ళీ మొదటికి వెళ్ళాను. ఈసారి ఫోన్ మోగలేదు, నేనే ఆగిపోయాను. ఇక తిరిగే ఓపిక లేక, ఫొటోలు తీసే అతనితో ఇవాళ ఎగరడం లేదన్నాను.

"ఏమైంది సార్, ఏదైనా పాడయిందా?"

"విమానం బాగానే ఉంది. నేనే బాగోలేను."

ఆ సాయంత్రం ఖననం అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. కాసేపు కూర్చున్నాను. లేచి వస్తుంటే వాళ్ళావిడ వసారాలోని నీళ్ళ డబ్బాను నా వైపు జరిపింది. నిండుగా ఉంది.

"నిన్న కుళాయొచ్చినప్పుడు నింపీసి ఎట్టేరు. అట్టుకెళ్ళు బాబూ, దానికి స్నానం చేయించు" అంది.

మర్నాడు పొద్దున్నే ముక్కు దగ్గర మొదలుపెట్టి కడిగాను. ఎడమ రెక్క దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. ఆగిపోయాను. చూస్తే డబ్బాలో సగం నీళ్ళే మిగిలాయి. అయినా మళ్ళీ ముక్కు దగ్గరికే వెళ్ళాను, ఈసారి కొంచెం కొంచెంగా పోసుకుంటూ.