ఎడమ పక్క లైటు

విజయవాడలో నేను పనిచేసిన కాలేజీలో జియాలజీ విభాగానికి ఒక చిన్న మ్యూజియం ఉండేది. దాని తాళాలు, దుమ్ము, బాధ్యత అన్నీ నావే. అద్దాల బీరువాల్లో శిలాజాలు, అంటే ఎప్పుడో చచ్చి రాయైపోయిన నత్తలూ ఆల్చిప్పలూ ఉండేవి. వాటికి ఫొటోలు తీసి, పేర్లు రాసి, పేజీలుగా అమర్చడం నా పని. తొంభైల్లో అదంతా చేత్తోనే. ఫొటోని చిన్న కత్తెరతో అంచు వెంట కత్తిరించి, నల్ల అట్టకు అంటించి, పక్కన తెల్ల సిరాతో అంకె వేసి, కింద కొలత గీత గీసేవాణ్ణి. మాది చేనేత ఇల్లు. ఒక్క పోగు తప్పినా మా నాన్న కంటికి దొరికిపోయేది. ఆ కన్ను నాకూ వచ్చిందని నాకు గర్వం. పేజీకి రెండు రోజులు పట్టేది. పడితే పట్టింది, నా అక్షరాలు చూడ్డానికి వేరే కాలేజీల వాళ్లు వచ్చేవాళ్లు.

రెండువేలు దాటాక డిజిటల్ కెమెరా వచ్చింది, కంప్యూటర్ వచ్చింది, వాటి వెనకాలే ఒక అమ్మాయి వచ్చింది. ల్యాబులో తాత్కాలికంగా పెట్టుకున్నారు. బందరు వైపు సముద్రం మీద బతికే కుటుంబం. నాన్న వేటకు వెళతాడు, అమ్మ చేపలమ్ముతుంది. పటమటలో ఒక డీటీపీ సెంటర్లో రెండేళ్లు పనిచేసిందట. మొదటి రోజే కంప్యూటర్‌తో పాటు ఊరికే వచ్చే, బొమ్మలు దిద్దుకునే పెయింట్ ప్రోగ్రాం తెరిచింది. ఫొటోలో అక్కర్లేని భాగం తీసేసి, అంకె వేసి, బాణం గుర్తు పెట్టి, పేరు టైపు చేసింది. నేను టీ తాగి వచ్చేలోగా పేజీ అయిపోయింది.

మా హెడ్డు గారు కళ్లజోడు సర్దుకుని, "భలే ఉందమ్మా" అన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. పదహారేళ్లలో ఆయన నాతో "సరే, పెట్టు" అన్నారే గానీ ఒక్కసారీ భలే అనలేదు.

అప్పట్నుంచి ఆమె ఏం చేసినా నాకు కంటగింపే. అన్నిటికన్నా ఎక్కువ మండించింది, చేసిన తప్పును వెనక్కి తీసుకునే ఆ మీట. నా చేతిలో సిరా ఒక్క చుక్క జారితే అట్టంతా పారేసి మొదట్నుంచీ చేసేవాణ్ణి. ఆ అమ్మాయి చిటికెలో చెరిపేసి నవ్వేది. మధ్యాహ్నం గిన్నె మూత తీసి, "చేప వేపుడండీ, కొంచెం రుచి చూడండి సార్" అనేది. ఒకసారి "ఇవాళ తిననమ్మా" అన్నాను. నేను నీచు తినని రోజు శనివారం ఒక్కటే. అన్నది మంగళవారం.

హెడ్డు గారికి రిటైర్‌మెంటు దగ్గరపడింది. వెళ్లేలోగా మ్యూజియంలోని నత్తలన్నిటితో ఒక పుస్తకం వేయాలనుకున్నారు. అట్ట తీయగానే మొదటి పేజీలో ఆయన పేరు, దాని కింద 'చిత్రాలు, అక్షరాలు' అని ఇంకో పేరు. నా ఇన్నేళ్ల చాకిరీకి మిగిలేది ఆ ఒక్క వరసే. అది ఆ అమ్మాయికి పోతుందేమోనని నాకు నిద్ర పట్టేది కాదు.

ఆమె నలభై నత్తల ఫొటోలు తీసి పేజీలు కట్టింది. తప్పు కోసం ఒక్కొక్కటే వెతికాను. దొరికింది. శిలాజం ఫొటోకి వెలుగు ఎప్పుడూ ఎడమ పక్క పైనుంచి పడాలి, అది మా ఆచారం. లైటు ఇంకోవైపు ఉంటే అలవాటుపడ్డ కంటికి బొడిపెలు గుంటల్లా కనిపిస్తాయి. ఆమె కుడిపక్క లైటు పెట్టింది. నేను హెడ్డు గారి ముందే అడిగాను.

"ఏమ్మా, లైటు ఎటు పెట్టాలో కూడా తెలీదా?"

ఆమె మొహం చిన్నబోయింది. "తెలీదండీ. మళ్లీ తీస్తానండీ."

"అక్కర్లేదులే. నేను సరిచేస్తాను."

అప్పటికి నెలరోజులుగా కంకిపాడులో మా బావమరిది కొడుకు కంప్యూటర్ మీద పెయింట్ దొంగచాటుగా నేర్చుకుంటున్నాను. అందులో ఫొటోని అద్దంలో చూపించినట్టు కుడిఎడమలు మార్చే వీలుంది. ఒక్క నొక్కుకి లైటు ఎడమ పక్కకి వచ్చేసింది! నలభైంటినీ తిప్పేసి, అంకెలూ బాణాలూ పేర్లూ మళ్లీ వేశాను. "ఈ వయసులో కంప్యూటర్ కూడా నేర్చావే!" అన్నారు హెడ్డు గారు. నేను ఆ అమ్మాయి మొహం వైపు చూశాను. చూడాలనే చూశాను.

మూడు వారాలకు ప్రెస్సు నుంచి చివరి ప్రూఫు వచ్చింది. తిప్పుతుంటే ఏడో నత్త దగ్గర ఆగిపోయాను. నత్త నోటిని చూపిస్తూ నేను పెట్టిన బాణం ఎడమ పక్కుండాలి. ఇక్కడ కుడిపక్కుంది. బీరువాలోంచి రాయి తీసి పక్కన పెట్టి చూశాను. మొన పైకి పెడితే నత్త నోరు కుడివైపు తెరుచుకుంటుంది. ఎడమవైపు తెరుచుకునేవి ఎంతో అరుదు, మా బీరువాలో ఒక్కటీ లేదు. ప్రూఫులో నోళ్లన్నీ కుడివైపే ఉన్నాయి. కంప్యూటర్లో నా పేజీలు తెరిచాను. నలభై నోళ్లూ ఎడమవైపు.

లైటుతో పాటు నోళ్లనీ తిప్పేశానన్నమాట. చేత్తో చేసినన్నాళ్లూ లైటు తప్పితే దీపాన్నే జరిపేవాణ్ణి, బొమ్మను తిప్పే దారే లేదు. అందుకే ఆ తప్పు నాకెప్పుడూ జరగలేదు. అవే అచ్చయి ఉంటే చూసిన ప్రతి జియాలజీ మాస్టారూ పడీపడీ నవ్వేవాడు.

ఆ అమ్మాయిని పిలిచాను. "ఇవెవరు మార్చారు?"

"నేనేనండీ. ఆదివారం వచ్చి, దీపం ఎడమ పక్క పెట్టి మళ్లీ తీసి, ప్రెస్సుకి అవే పంపానండీ. చిన్నప్పట్నుంచీ వలలో పడ్డ శంఖాలు ఏరినదాన్ని కదండీ, నోరు అటుంటే కంటికి తేడాగా కొట్టేసిందండీ."

"హెడ్డు గారికి చెప్పావా?"

"ఎందుకండీ? లైటు సంగతి మీరు చెప్పింది రైటే కదండీ."

నన్ను దెప్పినా బాగుండేది. ఆ కన్ను మా ఇంటి సొత్తనుకున్నాను. ఆ పిల్లకీ ఉంది, పైగా నా దగ్గర లేని మనసు కూడా ఉంది. నాకు సిగ్గు కలిగిందని రాస్తే బాగుంటుంది గానీ, నిజంగా కలిగింది కుళ్లు. మొదటి పేజీ తిప్పాను. దాన్ని టైపు చేసిందీ ఆమే. 'చిత్రాలు, అక్షరాలు' అన్న చోట నా పేరొక్కటే ఉంది.

పక్కన ఆమె పేరు చేర్చడానికి సాయంత్రం దాకా టైముంది. పెన్ను మూత తీసి చాలాసేపు కూర్చున్నాను. చివరికి 'మార్పులేమీ లేవు' అని నా అందమైన అక్షరాలతో రాసి, సంతకం పెట్టి పంపేశాను.

మరుసటి ఏడాది ఆమె వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ఆ పుస్తకం చూసినవాళ్లు ఇప్పటికీ నాతో, "భలే ఉన్నాయండీ బొమ్మలు" అంటారు. పదహారేళ్లు నేను ఎదురుచూసిన మాట. అది విన్న ప్రతిసారీ, పేరు నాదే అయినా, ఆ అమ్మాయి మీద నాకు కుళ్లు పుడుతూనే ఉంది.